కోరుట్లలో నీటి కొరత లేదన్న పటం

2011 వానాకాలంలో నన్ను డిప్యూటీ ఇంజనీరుగా జగిత్యాలకు వేశారు. మంచినీళ్లు అందని వాడలను పటంలో గుర్తించే వ్యవస్థ కట్టడం నా పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కార్యాలయాలకు వేరువేరు సర్వర్లు. ఎవరి ప్రాంతం లెక్క వారి సర్వరే తేల్చి, అడిగినప్పుడు ఫలితం మాత్రం పంపుతుంది. ఈ అడగడం, చెప్పడం జరిగే ఏర్పాటునే వెబ్ సర్వీసు అంటారు. మూడు జవాబులనూ జగిత్యాల సర్వరు కలిపి ఒకే పటం చేస్తుంది. ఆ పటంలో కొరత చుక్క పడిన వాడలకే పైపులైను.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఎలాగో పటం తీసి, అభ్యంతరాల కోసం మండలాఫీసుల్లో అంటించాం. కోరుట్ల వైపు ఒక్క వాడకూ కొరత లేదట!

అభ్యంతరాల గడువు ఇంకొక్క రోజుందనగా, కోరుట్ల పక్క కూలీల వాడ నుంచి రాజవ్వ అనే ఆమె ఆటో మాట్లాడుకుని వచ్చి, ఖాళీ బిందె నా టేబుల్ మీద పెట్టింది.

"సారూ, మా వాడకు నీళ్ల కరువు లేదన్నరట. మరి పొద్దుందాక బోరింగు కాడ కొట్లాడుకునేది మేం గాదా, దయ్యాలా?"

కోరుట్లకు స్కూటర్ తీశాను. దారిలో సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తింటేనే బండి కదలనిస్తామన్నారు. తిన్నాను, ఏం చేస్తాను!

కోరుట్ల సర్వరు చక్కగానే నడుస్తోంది. అక్కడి ఆపరేటర్ శంకర్ అందరిలాగే బండి నంబరులో ఏపీ చెరిపి టీజీ రాసుకున్నాడు. అదే ఊపులో సర్వరు పంపే ప్రతి జవాబులోనూ రాష్ట్రం కోడు టీజీ చేసిపెట్టాడు. హైదరాబాద్‌లోని మా ప్రధాన కార్యాలయం పెట్టిన నియమం ప్రకారం, ఏపీ అని లేని జవాబును జగిత్యాల సర్వరు పక్కన పడేస్తుంది. పడేశానని చెప్పదు కూడా, సున్నా వేసి ఊరుకుంటుంది.

"ఇది బండి కాదయ్యా!" అని అరిచాను.

"పానం పోయినా మల్ల ఏపీ అని కొట్ట సార్. కావాలంటె మీ కాడ మార్చుకోండ్రి" అన్నాడు.

హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, నియమంలో అక్షరం కూడా మారదన్నారు పెద్దసారు. ఇద్దరికీ ఓ దండం! వీళ్ల పంతాలతో రాజవ్వ బిందె ఎట్లా నిండుతుంది?

జగిత్యాలకు తిరిగొచ్చి మధ్యలో ఇంకో చిన్న సర్వీసు రాశాను. కోరుట్ల టీజీ అని పంపితే, అది ఏపీగా మార్చి లోపలికి ఇస్తుంది. గడువులోపే పటం మళ్లీ తీశాం. రాజవ్వ తన వాడ మీద వేలు పెట్టి, "గీ చుక్కకేనా సారు గింత లొల్లి?" అంది. పైపులైను ఆ వాడకు చేరింది.

రాష్ట్రం వచ్చాక ఖరారైన కోడు టీఎస్. శంకర్ మొహం చూడాలి! అప్పుడూ అతని టీజీని మధ్యలో టీఎస్‌గా మార్చింది నేనే.

పదవీ విరమణ వరకూ నేను కట్టిన ప్రతి వ్యవస్థలో ఒక నియమం పెట్టాను. వచ్చిన జవాబు చెల్లకపోతే చెల్లలేదని సర్వరు గట్టిగా చెప్పాలి. అది నోరు మూసుకుని సున్నా వేస్తే, ఆ మాట చెప్పడానికి ఖాళీ బిందె పట్టుకుని ఎవరో ఒకరు ఆటోలో రావలసి వస్తుంది.