పాకం అంటిన వేళ్లు

మార్చి వచ్చిందంటే అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో అందరి చేతులూ జిగురే. మేపుల్ చెట్ల తీపి నీరు కాచి పాకం దించే రోజులవి. తలుపు గొళ్లెం, టెలిఫోను, తలవెంట్రుకలు అన్నీ అంటుకుంటుంటాయి. ఎవరూ పట్టించుకోరు. అర్లీన్ థిబో కూడా పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నం పాకం కొట్టంలోంచి ఆదరాబాదరాగా ఇంట్లోకి వచ్చింది. డీకన్‌కు ఇన్సులిన్ వేసే వేళ. షుగరు జబ్బున్న ఆ ముసలి గండుపిల్లి చనిపోయిన భర్త క్లాడ్ పెంచుకున్నది. అతను పోయాక ఆ ఇంట్లో ఆమె మాటకు తల తిప్పి చూసే ప్రాణి అదొక్కటే. వేడి బియ్యం మూటతో దాని చెవి కాచి, అంచున గుచ్చి, ఉబికిన నెత్తుటిచుక్కను షుగరు మీటరు స్ట్రిప్‌కు తాకించడం ఆమెకు చేయి తిరిగిన పనే.

డీకన్ ఆ రోజు గిన్నె ముట్టలేదు. తినకపోతే మందు వేయొద్దని పశువుల డాక్టరు గట్టిగానే చెప్పింది. కానీ మీటరులో అంకె ఎన్నడూ లేనంత పైకి పోయింది. చూస్తూ ఎలా ఊరుకోవడం? మందు వేసేసి, పాకం మాడుతుందని మళ్లీ కొట్టంలోకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి డీకన్ వంటింటి నేల మీద ఒరిగిపోయి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, ఆమెను చూడడం లేదు.

"నార్మన్!"

మరిది కొట్టంలోంచి పాకం గరిటెతోనే వచ్చాడు. "ఏమైంది వదినా, మహారాజుకి?"

"పోతోందయ్యా! షుగరు కొండెక్కి కూచుంది, మందు వేశాను, అయినా..."

"చాల్లేదేమో. ఇంకాస్త వెయ్యి."

ఆమె సిరంజి అందుకుంది. ముందు మళ్లీ చూద్దామని మీటరు తీసింది. అది బొటనవేలికి అతుక్కుని ఊడి రాలేదు.

అర్లీన్ చేతిలోంచి సిరంజి జారిపోయింది.

"నా వేళ్లు... నా వేళ్ల తీపి చూపించిందయ్యా ఆ మీటరు! దీని ఒంట్లో చక్కెరే లేదు. నేనే చంపుకున్నాను!"

"తర్వాత ఏడుద్దువు గానీ, బండెక్కు!"

బండిలో కూచుని, గరిటెకు అంటిన పాకాన్నే వేలితో తీసి డీకన్ చిగుళ్లకు రాసింది. మంచు కరిగి దారంతా బురద. మలుపులో బండి కూరుకుపోయింది. నార్మన్ దిగి చక్రాల కింద పలకలు దూర్చుతూ బూతులు తిడుతున్నాడు. ఒళ్లో డీకన్ బరువుగా, మెత్తగా, ఎవరి పిల్లో అయినట్టు పడి ఉంది. "క్లాడ్, దీన్ని కూడా తీసుకుపోకు," అంటూ ఆమె రాస్తూనే ఉంది.

ఉన్నట్టుండి వేలు చురుక్కుమంది.

"నార్మన్! కరిచింది!"

"నెత్తురొచ్చిందా?"

"వచ్చింది."

"అయితే బతికాడు ముసలోడు. ఏడవకు వదినా, ఇటొచ్చి తొయ్యి."

డాక్టరు దగ్గర షుగరు మళ్లీ చూడడానికి డీకన్ రెండో చెవి గుచ్చబోయే ముందు, ఎవరూ చెప్పకుండానే అర్లీన్ చేతులు కడుక్కుంది. వేళ్లు ఎర్రబడేదాకా కడుగుతూనే ఉంది.