చీపురు దెబ్బ తిన్న ఎనిమిది కాళ్ల యంత్రం

ఆ ప్రయోగశాలలో ఊడ్చే ఆవిడను అందరూ పిన్ని అనే పిలిచేవారు. నోరు మెత్తన, చెయ్యి గట్టి. పురుగూ పుట్రా కంటపడితే చాలు, ఆవిడ కంటే ముందు ఆవిడ చీపురు లేచేది. ఆవిడ కళ్లబడ్డ బొద్దింక బతికి బట్టకట్టిన దాఖలా లేదు.

అలాంటి మనిషికి అక్కడ పని దొరకడమే విడ్డూరం. అక్కడి ఇంజినీర్లు సాలెపురుగులనూ బొద్దింకలనూ అద్దాల పెట్టెల్లో పెట్టి పెంచుతున్నారు. అవి ఏ కాలు తర్వాత ఏ కాలు వేస్తాయో వీడియో తీసి, ఆ నడకే యంత్రాలకు నేర్పుతున్నారు. కూలిన ఇళ్ల శిథిలాల్లోకి చక్రాల బండి దూరలేదు కాని, కాళ్లున్నది పాక్కుంటూ పోయి లోపల ఎవరున్నారో చూసి వస్తుందని వాళ్ల ఆశ.

"పిన్నీ, ఊరంతా ఊడ్చినా ఫర్వాలేదు. ఆ పెట్టెల జోలికి మాత్రం వెళ్లకండి," అని వాళ్లకు పెద్దయిన మేడమ్ మొదటిరోజే చెప్పింది.

"మా ఇంట్లో చెప్పు దెబ్బలు తినేవాటికి మీరు మేత వేస్తున్నారా తల్లీ!" అంటూ పిన్ని ముక్కున వేలేసుకుంది. అయినా మాట తప్పలేదు. పెట్టెల దగ్గరికొస్తే చెయ్యి దురద పెట్టేది. చీపురు వీపు వెనక దాచుకుని గబగబా దాటిపోయేది.

ఒకరోజు ఉదయం బల్ల కింద ఊడుస్తుంటే, బీరువా చాటునుంచి టకటకమంటూ ఏదో వచ్చింది. అన్నం పళ్లెమంత ఉంది. నల్లగా ఉంది. ఎనిమిది కాళ్లున్నాయి. అది సరాసరి ఆవిడ పాదాల మీదికే వస్తోంది.

"ఓరి నీ పాడుగాల!" అని అరిచి పిన్ని చీపురు తిరగేసి పిడితో రెండు వాయించింది. ఒక కాలు ఎగిరి గోడకు కొట్టుకుంది. ఇంకొకటి తీగ పట్టుకుని వేలాడింది. అప్పుడు కనిపించాయి ఆవిడకు మరమేకులు.

అది పురుగు కాదు. ఎనిమిది నెలలుగా గదినిండా మనుషులు నిద్రాహారాలు మాని చేసిన యంత్రం. అటు తిరిగి చూస్తే వాళ్లంతా నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నారు. పిన్ని చీపురు చంకన పెట్టుకుంది. ఒక్క పరుగున సామాను గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇంట్లో ఆయనకు ఏం చెప్పాలి? 'సాలెపురుగును కొట్టినందుకు పనిలోంచి తీసేశారు' అంటే ఎవరు నమ్ముతారు?

కాసేపటికి తలుపు చప్పుడైంది. మేడమ్!

"పిన్నీ, చీపురేది?"

సాక్ష్యానికి కాబోలు అనుకుని పిన్ని తలుపు ఓరగా తెరిచి చీపురు బయటికి చాపింది.

"నాకు కాదు, మీరే పట్టుకుని రండి. అది ఇంకా నడుస్తోంది!"

నిజంగానే నడుస్తోంది. వేలాడే కాలును ఈడ్చుకుంటూ, మిగిలిన ఆరింటితో అడుగులు సర్దుకుంటూ గదంతా తిరుగుతోంది. కాలు పోతే మిగతా కాళ్లే నడక మార్చుకోవాలని దానికి నేర్పారట. కాని కష్టపడి చేసినదాన్ని విరగ్గొట్టి చూసే గుండె వాళ్లలో ఎవరికీ లేకపోయింది.

విరిగిన కాళ్లు అతికించాక మేడమ్ అంది: "పిన్నీ, మళ్లీ ఒకటి వెయ్యండి."

పిన్ని చీపురెత్తింది, దించింది. "ఊరికే కొట్టమంటే ఎలా తల్లీ? ఒళ్లు మండాలి కదా!"

దాంతో ఆవిడ ఏమరుపాటున ఉన్నప్పుడు యంత్రాన్ని వదిలేవారు. ఆవిడ కెవ్వుమని కొట్టేది. వాళ్లు చప్పట్లు కొట్టి, అది ఎలా నడిచిందో రాసుకునేవారు. నాలుగోసారి అది మూడు కాళ్లు పోగొట్టుకుని కూడా, కుంటుతూ మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చింది. పిన్ని చీపురు కింద పారేసింది.

"ఇంక నావల్ల కాదమ్మా. కన్నబిడ్డ దెబ్బలు తిని మళ్లీ ఒళ్లోకి వచ్చినట్టుంది. మా తోటికోడలుంది, దాన్ని తీసుకొస్తా. జాలి అన్నమాటే దానికి తెలియదు."

అతిశయోక్తి కాదు. ఆ తోటికోడలి నోటికి జడిసి వీధిలో వాళ్లు చుట్టుతిరిగి పోయేవారు. మర్నాడే ఆవిడ కొంగు దోపుకుని, "పురుగుని కొట్టడానికి ఇంతమంది చదువుకున్నవాళ్లా!" అని వెటకారం చేస్తూ దిగింది. యంత్రాన్ని వదిలారు. అది బీరువా వెనకనుంచి తొంగిచూసింది, అంతే. తోటికోడలు కుర్చీ ఎక్కింది. అక్కణ్నుంచి బల్ల ఎక్కింది. చీపురు ఎక్కడ పడిందో ఆవిడకే తెలియదు.

"అక్కా! అక్కా! దాన్ని తీసెయ్యవే!"

ఇన్నేళ్లలో ఆ నోటివెంట 'అక్కా' అన్న పిలుపు రావడం అదే మొదలు. పిన్ని ఆ పిలుపును రెండు నిమిషాలపాటు తనివితీరా విన్నది. ఆ తర్వాత వంగి, ఎనిమిది కాళ్లదాన్ని రెండు చేతుల్తో పొదివి పట్టుకుని పక్క బల్ల మీద కూర్చోబెట్టింది.

తోటికోడలిని దింపడానికే ఎక్కువసేపు పట్టింది.