మల్లయ్య మేల్కొలుపు

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్లీ కుదురుకున్న ఏడాది జూన్‌లో నన్ను ఖాజాగూడ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు గణితం. అంటే పై తరగతులకు లెక్కలు చెప్పడం, పదో తరగతి ఫలితాలు తగ్గితే సమీక్షా సమావేశంలో లేచి నిలబడటం. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి ఈ చివరి మజిలీ ప్రశాంతంగా గడిచిపోతుందని అనుకున్నాను. మియాపూర్ నుంచి స్కూటీ మీద ఆ ట్రాఫిక్‌లో మొదటిసారి వెళ్లిన రోజే ఆ ఆశ వదులుకున్నాను.

అది ఒకప్పుడు ఊరిబడి. నేను చేరేనాటికి ఊరివాళ్ల పిల్లలు ప్రైవేటు బడుల బస్సులెక్కుతున్నారు. మా బెంచీల మీద పాలమూరు, నారాయణపేట వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్ల పిల్లలు కూర్చునేవారు. తండ్రులు సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు, తాపీమేస్త్రీలు. త్రికోణమితిలో భవనం ఎత్తు కనుక్కోమనే లెక్క చెప్పాలంటే నేను బోర్డు మీద బొమ్మ గీసే పనే ఉండేది కాదు. కిటికీ వైపు వేలు చూపిస్తే చాలు, అద్దాల టవర్లు వరసగా నిలబడి ఉండేవి.

జనవరి వస్తే పదో తరగతి టీచర్లకు పని రెట్టింపవుతుంది. ఉదయం, సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి. వాటికి తోడు దత్తత. చదువులో వెనకబడ్డ పిల్లల్ని టీచర్లు తలా కొందర్ని పంచుకుని పరీక్షలయ్యేదాకా వాళ్ల మంచిచెడ్డలు చూసుకోవాలి. ఆ ఏడు పైనుంచి వేకప్ కాల్ అనే కొత్త బాధ్యత కూడా వచ్చింది. దత్తత టీచరు తెల్లవారుజామున ఐదింటికి ఇళ్లకు ఫోన్లు చేసి, పిల్లల్ని చదువుకు లేపి, లేచారో లేదో హెడ్మాస్టరు గారికి చెప్పాలి. నాకేమో పొద్దున్నే లేవడమంటే చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. మా ఇంట్లో అలారం మోగితే మా ఆయన లేచి కూర్చునేవారు తప్ప నేను కదిలేదాన్ని కాదు.

నా దత్తత పిల్లల్లో అనూష అనే అమ్మాయి ఉండేది. మిగతా సబ్జెక్టులన్నీ బాగానే చదివేది, లెక్కల్లో మాత్రం అర్ధసంవత్సర పరీక్షలో తప్పింది. తల్లి యాదమ్మ ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేసేది. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి ఉన్నమాట మొహమాటం లేకుండా చెప్పింది.

"పాసైతే సదివిస్తం మేడం. ఫెయిలైతె ఇంట్ల కూసోబెట్టలేం గద. మణికొండల ఒక అపార్ట్‌మెంట్‌ల ఇంటిపని మాట్లాడి పెట్టిన."

అనూష పక్కనే నిలబడి చున్నీ కొస మెలిపెట్టుకుంటోంది. ఆ పిల్లకు పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది. పది పాసై, ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే మూడేళ్ల డిప్లొమా చేతికొస్తుంది. ఆ ప్రవేశ పరీక్షలో సగం మార్కులు లెక్కలవే. అంటే అటు పాలిటెక్నిక్కుకూ ఇటు మణికొండ ఇంటిపనికీ మధ్య అడ్డంగా నిలబడింది నా సబ్జెక్టే.

ఆ రాత్రి అనూష జవాబు పత్రాలు ముందేసుకుని చూశాను. తెలివికి లోటు లేదు. మొదటి మెట్లన్నీ కుదురుగా వేసేది. సగంలో అక్షరాలు వంకరపోయేవి, ఆ తర్వాత పెన్ను గీత కాగితం మీద కిందికి జారిపోయేది. పిల్ల పరీక్షలోనే కునుకు తీస్తోంది. ఉదయం స్పెషల్ క్లాసుకు అందరికంటే ఆలస్యంగా వచ్చి, రెండో బెంచీలో తల వాల్చేసేది. ఎందుకే అంటే, రేపు జల్ది వస్త మేడం అని పుస్తకం తెరిచేది.

వేకప్ కాల్ మాత్రం ఆ ఇంటి నుంచి బ్రహ్మాండంగా సాగేది. నేను అరమూసిన కళ్లతో ఫోన్ చేయగానే మొదటి రింగుకే తండ్రి మల్లయ్య ఎత్తేవాడు.

"లేచింది మేడం, సదువుతుంది."

అంత చురుకైన తండ్రి మరొకడు లేడని హెడ్మాస్టరు ప్రసాద్ గారితో మెచ్చుకోలుగా చెప్పేదాన్ని కూడా. కానీ ఐదింటికే లేచి చదివే పిల్ల తొమ్మిది కాకముందే నా క్లాసులో ఎందుకు తూగుతోందో అంతుబట్టలేదు. ఒకరోజు ఫోనులో మల్లయ్య గొంతు వెనక కారు హారన్ మోగింది. "సార్, బ్యాడ్జ్ చూపియ్యండి" అని మరెవరో అన్నారు. ఆ మాట విన్నాక నాకు పూర్తిగా మెలకువ వచ్చింది. తండ్రి డ్యూటీ ఎక్కడని అనూషను అడిగితే ఫలానా టవర్ గేటు దగ్గరని చెప్పింది.

మర్నాడు ఐదింటికి ఫోన్ చేయలేదు. తెల్లారీ తెల్లారకముందే స్కూటీ వేసుకుని సరాసరి ఆ టవర్ దగ్గరికే వెళ్లాను. సమావేశాలకు ఎప్పుడూ యాదమ్మే వచ్చేది కాబట్టి మల్లయ్య నన్ను చూసి ఎరగడు. చొక్కా మీద పేరు చూసి నేనే గుర్తుపట్టాను. ఐడీ కార్డు లేనిది లోపలికి పోనియ్యనని మర్యాదగానే ఆపాడు. నేను సరేనని ఓ పక్కకు జరిగి ఫోన్ తీశాను. అతని జేబులో ఫోన్ మోగింది. మల్లయ్య టోపీ సర్దుకుని, నిటారుగా నిలబడి మరీ ఎత్తాడు.

"నమస్తే మేడం."

"అనూష లేచిందా?"

"ఎప్పుడో లేచింది మేడం. నా ముంగటనే కూసొని లెక్కలు చేస్తుంది."

"ముఖం కడుక్కుందా?"

"కడుక్కుంది మేడం. చాయ్ గూడ తాగింది."

"మల్లయ్యా, నీ ముంగట నిలబడ్డది నేను. చాయ్ ఇంకా తాగలే."

అతను ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ తోచక సెల్యూట్ కొట్టాడు. పక్కనున్న ఇంకో గార్డు నవ్వాపుకోలేక గేటు క్యాబిన్‌లోకి వెళ్లిపోయాడు. నాలుగు చివాట్లు పెడదామని కోపంగానే వెళ్లినదాన్ని, నాకూ నవ్వొచ్చేసింది.

"అబద్ధమే మేడం," అన్నాడు మల్లయ్య. "ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫోను. అది నా కాడనే ఉంటది. మీరు గింత పొద్దుగాల లేచి మా బిడ్డ కోసం అడుగుతుంటె, సదువుతలేదని ఎట్ల చెప్పాలె? పెద్ద సార్లు మిమ్మల్ని ఏమన్న అంటరేమోనని పరేషాన్ అయిన."

నా ఉద్యోగాన్ని కాపాడటానికే రోజూ అబద్ధమాడాడన్నమాట! మరి పిల్ల నిజంగా ఎన్నింటికి లేస్తుందని అడిగాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అనూష తల్లితో పాటు నాలుగింటికే లేస్తుంది. పొయ్యి మంట వెలుగులోనే వంట చేసి పెడుతుంది. ఐదున్నరకు కాంట్రాక్టరు వ్యాను వచ్చి యాదమ్మను తీసుకెళ్తుంది. ఉన్నది ఒక్కటే కిరాయి గది. లైటేస్తే చిన్న తమ్ముడు లేచి ఏడుస్తాడు. అందుకని వాడి పక్కన చీకట్లో కూర్చుని, నైట్ డ్యూటీ దిగి తండ్రి ఇంటికొచ్చేదాకా కాచుకుని, అప్పుడు బడికి పరుగెత్తుకొస్తుంది. అందరికంటే ముందు లేచే పిల్లను లేపమని మాకు ఆదేశం. ఆ పిల్లకు కావలసింది ఒక లైటు, కూర్చోడానికి కాస్త చోటు.

ఆ రోజే ప్రసాద్ గారికి చెప్పాను, పొద్దున ఆరింటికల్లా ఒక గది తెరిపించండని. ఆయన గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. "తెరవడానికి నాకేం అభ్యంతరం లేదండి. తాళం మీకే ఇస్తాను. కానీ ఆ వేళకు వచ్చి కూర్చునేదెవరండి?" అన్నారు. నేనేనండి అనేశాను. ఆరింటికి అక్కడుండాలంటే నేను ఐదింటికే లేవాలన్న సంగతి అనేశాక గుర్తొచ్చింది.

మర్నాటి నుంచి యాదమ్మ వ్యాను మా బడి మీదుగా వెళ్లి అక్కాతమ్ముళ్లను దింపేది. తమ్ముడు చిన్ను చివరి బెంచీ మీద దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాడు. అనూష ముందు బెంచీలో లెక్కలు చేసేది. నాలుగు రోజులకు అదే వాడలోని మరికొందరు పిల్లలూ వచ్చి చేరారు. డ్యూటీ దిగాక మల్లయ్య వచ్చి చిన్నును భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. దాంతో అనూష స్పెషల్ క్లాసుకు అందరికంటే ముందే ఉండేది. పెన్ను గీత జారడం ఆగిపోయింది.

మరి నన్ను లేపేదెవరు? ఆ పని మల్లయ్య పుచ్చుకున్నాడు. ఆ వేళకు నిద్రపోకుండా ఉండటమే అతని ఉద్యోగం. ఐదు కొట్టగానే ఫోను మోగేది.

"మేడం, లేచిన్రా?"

లేచానయ్యా అని దుప్పట్లోంచే చెప్పేదాన్ని. అతను నమ్మేవాడు కాదు. "ముఖం కడుక్కున్నరా మేడం? నీళ్ల సప్పుడు ఇనొస్తలేదు." నేను నేర్పిన విద్య నాకే అప్పజెబుతుంటే ఏమంటాను? లేచి కుళాయి తిప్పేదాన్ని. మా ఆయన పక్కకు తిరిగి పడుకుని నవ్వుకునేవారు.

అనూష లెక్కల్లో పాసవడమే కాదు, మంచి గ్రేడు తెచ్చుకుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష కూడా బాగానే రాసింది. ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి అనేది నింపి, సీటు కేటాయింపు మెసేజ్ కోసం ఎదురు చూడాలి. ఎదురు చూస్తూనే ఉన్నాం. ఒక ఆదివారం తెల్లవారుజామున ఫోను మోగింది.

"మేడం, లేచిన్రా?"

"ఏందయ్యా, ఇయ్యాల ఆదివారం!"

"బిడ్డకు సీటొచ్చింది మేడం. కంప్యూటర్ బ్రాంచి. రాత్రి డ్యూటీ ఎక్కినంక మెసేజ్ వచ్చింది. అప్పుడే చేస్తే తిడ్తరని ఐదింటిదాక ఆగిన."

దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాను. అనూష ఏమందని అడిగాను.

"దానికింక తెల్వది మేడం. ఫోను నా కాడనే ఉన్నది గద!"

ముఖం కడుక్కోకుండానే స్కూటీ తీశాను. నేను వాళ్ల వాడకు చేరేసరికి, ఆదివారమైనా డ్యూటీ ఉండటంతో యాదమ్మ వ్యాను కోసం గుమ్మంలో నిలబడి ఉంది. అనూష చేతిలో గంటెతో బయటికొచ్చి నన్ను చూసి బిత్తరపోయింది.

"పది అయిపోయింది గద మేడం! ఇంక స్పెషల్ క్లాసేంది?"

చెప్పాను. గంటె కిందపడ్డ చప్పుడుకు చిన్ను లేచి ఏడుపందుకున్నాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు. యాదమ్మ కూతుర్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, మణికొండోళ్లకు వేరే మనిషిని చూసుకొమ్మని చెప్పాలె అంటూ వ్యానెక్కింది.

మరుసటి ఏడాది నేను రిటైరయ్యాను. ఆ చివరి సంవత్సరం జనవరి దాకా ఆగలేదు. జూన్‌లోనే పదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి రెండు ప్రశ్నలు అడిగాను. మీ ఇంటి ఫోను తెల్లవారుజామున ఎవరి జేబులో ఉంటుంది? ఆ వేళకు మీ ఇంట్లో లైటు వేయొచ్చా? ఆ జవాబులు తెలిశాకే ఎవరిని లేపాలో, ఎవరికి గది తెరవాలో నిర్ణయించుకున్నాను.