సగం గోదాట్ల, సగం బండ మీద

నాయిన అస్థికల కోసం జరిగిన కొట్లాటలో మొదటి దెబ్బ నాకే తగిలింది. నేనసలు ఆ కొట్లాటలో లేను.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు కాబట్టి కుండను తార్నాకలో మా అపార్టుమెంటు గేటు పక్కనున్న వేపచెట్టుకు కట్టాం. పైఅంతస్తు వాళ్లు ఒద్దికగా పక్కకు జరిగి పోయేవాళ్లు. బతికున్నప్పుడు నాయినకు అంత దారి ఎవరూ ఇయ్యలేదు.

ఆయన యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. పగటి వంట అయ్యాక క్యాంపస్ వెనక బండల మీద కూర్చుని బీడీ తాగేవాడు. "నేను పోతే గీడనే చల్లుండ్రి" అని నాకూ, మా అన్నకూ చెప్పాడు. ఊరి నుంచి వచ్చిన చిన్నాయన ఒప్పుకోలేదు.

"మా అవ్వ, నాయిన గోదాట్లనే కలిసిండ్రు. మా అన్న గూడ గాడికే పోవాలె."

అరుపులు అయ్యాక సగం బండ మీద, సగం గోదావరిలో అని ఒప్పందం కుదిరింది. అన్న మాటిచ్చాడు.

తెల్లారి బండల దగ్గరికి పోయాం. మోదుగులు అడవికి నిప్పంటినట్టు పూసి ఉన్నాయి. అన్న కుండ మీది బట్ట విప్పి, "సగం లేదు, గిగం లేదు. మొత్తం గీడనే" అన్నాడు.

చిన్నాయన చెయ్యి విసిరాడు. మధ్యలో నేనున్నాను. నా కళ్లద్దాలు పోయి ముళ్లకంపలో పడ్డాయి. అన్న కుండ నా చేతుల్లో పెట్టి, తలతో ఆయన రొమ్ములో కుమ్మాడు. చిన్నాయన అన్న జుట్టు పట్టి బండకేసి కొట్టాడు. అన్న ముక్కు పగిలి చొక్కా ఎర్రగా తడిసింది. చిన్నాయన మోకాలి తోలు లేచిపోయింది. నేను కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాయిన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి.

వాకింగుకొచ్చిన ఒకాయన ఆగి, "ఏ పార్టీ స్టూడెంట్లు బాబూ?" అని అడిగాడు. చిన్నాయనకు అరవై దాటాయి.

చిన్నాయన రాయి అందుకున్నాడు. అన్న కిందనుంచే అరిచాడు: "చిన్నప్పుడు నాయిన్ని బాయిల నూకింది సాలలేదా? సచ్చినంక గోదాట్ల నూకుతవా? ఆయనకు నీళ్లంటె భయమని నీకు తెల్వదా?"

రాయి గాల్లోనే ఆగింది.

"నూకింది నేనే" అన్నాడు చిన్నాయన రొప్పుతూ. "ఎనక దుంకి, జుట్టు వట్టి గుంజుకొచ్చింది గూడ నేనే. గది చెప్పలేదా మీ నాయిన?"

చెప్పలేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "మొన్నటిదాంక గూడ భయపడేటోడారా?"

"షవర్ కింద నిలబడకపోతుండె చిన్నాయనా. బకెట్ తోటే తానం."

చిన్నాయన రాయి పారేశాడు. నా ఒళ్లోంచి కుండ తీసుకుని, కుంటుకుంటూ పైబండ ఎక్కాడు. పిడికిళ్లతో మొత్తం ఆయనే చల్లాడు. గోదావరికంటూ ఒక్క ముక్క కూడా మిగుల్చుకోలేదు. బూడిద కొంత మోదుగుల మీదికి, కొంత మా మొహాల మీదికి కొట్టింది.

దిగి వచ్చి అన్న చెంప మీద ఇంకొకటి ఇచ్చాడు.

"ఇది మాట తప్పినందుకు."

అన్న తిరిగి కొట్టలేదు. కొడతాడేమోనని చిన్నాయన కాసేపు నిలబడి చూశాడు.