ఇంగువ పట్టిన టీ

పులియబెట్టిన చైనా టీ మొదటిసారి తాగబోయేవాళ్లకి ముందే చెప్తున్నాను, వాసన చూసి పారిపోకండి. వానాకాలంలో గోనెసంచుల గోడౌను తలుపు తీసినట్టుంటుంది. పాలు పోయకూడదు, పంచదార వేయకూడదు. ఇక్కడ అమెరికాలో మా కింది ఫ్లాట్ చైనా ఆవిడ, నా భార్య కోసం వచ్చిన అంబులెన్సు చూసిందట, కొన్నాళ్లకి పలకరించడానికి ఫ్లాస్కుతో పైకొచ్చింది. మర్యాద కోసం ఒక గుక్క మింగి, మిగతాది సింకులో పోసేద్దామని లేచాను. అప్పుడు నా భార్య నా చేతిలో కప్పు వైపు చూస్తూ నోరు తెరిచింది.

తనకి స్ట్రోక్ వచ్చి అప్పటికి మూడు నెలలు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. మింగడంలో లోపమేమీ లేదన్నారు. కానీ కొన్నాళ్లుగా పెదవులు బిగించేసేది. కాఫీ, మజ్జిగ, చారు, జావ, ఏది పట్టినా అంతే. సెలైన్ మీదే నెట్టుకొస్తున్నాం. నలభై ఏళ్లు డాక్టరుగా చేసినవాణ్ణి, కట్టుకున్న మనిషి చేత చెంచాడు జావ తాగించలేకపోయాను. ప్రతి సోమవారం వచ్చే నర్సు, ఇలాగే ఉంటే కడుపులోకి ట్యూబ్ వేయక తప్పదంది. ఆ ట్యూబుతో రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. తెలియకపోయుంటే ఎంత బాగుండేదో.

అందుకే ఆ టీ కాయడం ఏదో పరీక్షకి చదివినట్టు చైనా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఆకుని నొక్కి, పిడకలా గుండ్రంగా, గట్టిగా చేసి అమ్ముతారు. రోకలిబండ తీస్తే ఆవిడ కసిరింది. సన్నటి కత్తి పక్కనుంచి దూర్చి పొరలు పొరలుగా విడదీయాలి, ఆకు నలగకూడదు. మరిగే నీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లు పారబోయాలి. నాకు చెయ్యి రాలేదు. "దుమ్ము కడిగిన నీళ్లు అవి, తాగుతావా?" అంది. మళ్లీ నీళ్లు పోసి, పది లెక్కపెట్టి వంచుకోవడమే. అదే ఆకు ఏడెనిమిది సార్లు పనికొస్తుంది. రంగు కషాయంలా నల్లగా ఉంటుంది కానీ చేదుండదు. నా భార్య మూడు చిన్న కప్పులు తాగేది. ఆ వెనకే నాలుగు చెంచాల జావ కూడా పట్టేవాణ్ణి. ఎన్ని ఎమ్మెల్ లోపలికెళ్లిందో కాగితం మీద రాసి, నర్సు వస్తే గర్వంగా చూపించాను.

ఇంతలో చైనా ఆవిడ పది రోజులకి కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి వెళుతూ, తన దగ్గర మిగిలిన టీ మొత్తం నా చేతిలో పెట్టింది. "వాసన లేని చోట పెట్టు. చుట్టూ ఏముంటే అది పీల్చుకుంటుంది," అంది. మా ఇంట్లో వాసనేముంటుంది అనుకున్నాను. అందులోనే బతికేవాడి ముక్కుకి ఏం తెలుస్తుంది? పోపుసామాను అరలో, ముద్ద ఇంగువ ఉన్న పెద్ద డబ్బాలోనే పెట్టి మూత బిగించాను. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.

ఐదో రోజు తను మొహం తిప్పేసుకుంది. నీళ్లు చల్లార్చి చూశాను, ఆకు తగ్గించి చూశాను. చైనా కొట్టుకి డ్రైవ్ చేసుకుని వెళ్లి అలాంటిదే ఇంకోటి కొన్నాను. తీరా అది పులియబెట్టని పచ్చి రకం, వేపాకంత చేదు. కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకోకండి. ఆ రాత్రికల్లా నాకు ఒళ్లు తెలియలేదు. "నోరు తెరు! నన్ను చంపుతావా ఏమిటి?" అని అరిచాను. తన కళ్లలోంచి నీళ్లు కారాయి, తుడుచుకోవడానికి నీరసంతో ఎడమచెయ్యి కూడా లేవలేదు. నేను బాత్రూంలో దూరి, కుళాయి తిప్పి ఏడ్చాను.

టెక్సాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, ట్యూబ్‌కి ఓకే చెప్పేయ్. అమ్మ స్టార్వ్ అవుతోంది. నువ్వు ట్రై చేసావ్ కదా."

"ఇంకొక్క వారం చూద్దామమ్మా."

"నువ్వు డాక్టర్‌వి నాన్నా!"

ఫోన్ పెట్టేశాను.

శనివారం చైనా ఆవిడ కాలిఫోర్నియా నుంచి తిరిగొచ్చింది. టీ ముక్క వాసన చూసి, వంటగదిలోకి నడిచి, అర తెరిచి, ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది. నాకు అప్పుడర్థమైంది. నా చేతులతో నేనే పాడుచేశాను.

"గాలికి ఆరబెడితే పోతుంది," అంది.

"ఎన్నాళ్లకి?"

"రెండు నెలలు. మూడు కావచ్చు."

"సోమవారం నర్సు వస్తుంది."

ఇంకో ముక్క ఆవిడ దగ్గర లేదు.

ఆదివారం పొద్దున ఆ ఇంగువ టీయే కాచాను. ఎందుకో తెలియదు, కసి. నా భార్య ఎదురుగా కూర్చుని, పెద్ద గ్లాసుతో గటగటా తాగేశాను. సగంలో మొహం వంకర్లు పోయి, చొక్కా మీదికి కక్కుకున్నాను. తల ఎత్తి చూస్తే తను నవ్వుతోంది. మూతి ఒక పక్కకే లేచింది కానీ నవ్వే, భుజం కూడా కదిలింది. నేను గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజంతా తను నోరు మాత్రం తెరవలేదు.

సోమవారం నర్సు బరువు చూసి, ల్యాప్‌టాప్ తెరిచి, ఈ వారం నోటితో ఎంత తీసుకున్నారని అడిగింది.

"నిన్న నవ్వింది," అన్నాను.

నర్సు, ఎన్ని ఎమ్మెల్ అని మెల్లగా అడిగింది.

ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో నాకు తెలుసు. "నవ్వింది," అన్నాను మళ్లీ.