కోదండం సారుకు కుంట పూనేది

కోదండం సారుకు కుంట పూనేది.

అమ్మవారు పూనడం అందరూ చూసిందే. నీటి విధానాల మీద పాఠాలు చెప్పే ప్రొఫెసరుకు, ఎప్పుడో పూడ్చేసిన కుంట పూనడం మాత్రం నేను మా సెంటర్‌లోనే చూశాను. అది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో లైను పక్కన, కింద రెండంతస్తులూ కోచింగ్ సెంటర్లే ఉన్న బిల్డింగ్. మూడో అంతస్తులో మా యూనివర్సిటీ వాళ్ల స్కాలర్స్ ప్రోగ్రాం నడిచేది. వ్యవసాయం, పర్యావరణం మీద ప్రభుత్వాలు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని ఆలోచించే డిగ్రీ పిల్లల్ని ఏటా కొందరిని ఏరి తెచ్చి తర్ఫీదిచ్చేవాళ్లు. నేను అక్కడ లైబ్రేరియన్‌ని.

ఆ బిల్డింగ్ కట్టిన చోట పూర్వం కుంట ఉండేదట. సెల్లార్‌లో నడి వేసవిలోనూ నీళ్లూరేవి. వాచ్‌మన్ అంతయ్య మోటారు పెట్టి తోడేవాడు, తెల్లారేసరికి మళ్లీ ఉండేవి. ఏప్రిల్ ఎండలో, లిఫ్టు గోతిలోంచి కప్ప అరుపు వినబడేది. కప్పను మాత్రం ఎవరూ చూడలేదు.

"కుంట యాడికి పోతదమ్మా? పైన మనం గూసున్నం, కింద అది గూసున్నది" అనేవారు సారు, చాయ్ తాగుతూ, కింది ఫ్లాట్‌లో అద్దెకున్న వాళ్ల సంగతి చెప్పినంత తేలిగ్గా.

పూనకం వచ్చే ముందు గుర్తులుండేవి. ఏసీ గదిలో తడిమట్టి వాసన. బల్ల మీద గ్లాసుల్లో నీళ్లు సన్నగా వణికేవి. అది మెట్రో రైలు వల్లే అని మా డైరెక్టర్ వెంకటేశ్వరరావు గారు ప్రతిసారీ చెప్పేవారు. చెబుతూనే గ్లాసును దూరంగా జరిపేవారు. ఆ తర్వాత కోదండం సారు కళ్లు పైకి పోయేవి. అమ్మవారు పూనే శివసత్తులైతే జుట్టు విరబోసుకుంటారు. సారుది నున్నటి బట్టతల. అందుకని భుజం మీది పోచంపల్లి తువ్వాలును విరబోసుకునేవారు.

"బాలకా!" అనేది కుంట. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. అడుగున బురద ఉన్న గొంతు. అరవైకి దగ్గరపడ్డ డైరెక్టర్ గారు కూడా ఆ గొంతుకు బాలకుడే.

"ఇదేం గోలండీ, మనది యూనివర్సిటీ!" అని మొదట్లో ఆయన చిందులు తొక్కారు. దిష్టి తీయించారు. వాస్తు పండితుణ్ణి పిలిపించారు. ఆ పండితుడు సెల్లార్ చూసి, "ఈశాన్యంలో నీరు, దివ్యంగా ఉంది" అని దక్షిణ పుచ్చుకుని వెళ్లిపోయాడు. చివరికి అంతయ్య ఉపాయం చెప్పాడు.

"సాక పొయ్యాలె సార్. బోనాలప్పుడు అమ్మోరికి పోస్తం గద."

"వేపాకు నీళ్లా? ఆఫీసులో ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?"

"గా నీళ్లెందుకు సార్, ఇరానీ చాయ్ తెస్త. ఈ కుంట పట్నపుది."

నిజంగానే చాయ్ వచ్చేసరికి పూనకం దిగేది. ఉస్మానియా బిస్కెట్ తోడైతే ఇంకా తొందరగా దిగేది.

ఒకసారి చెరువుల పునరుద్ధరణ మీద మాట్లాడ్డానికి ఓ పెద్ద ఆఫీసర్ వచ్చాడు. అభిరామ్ అనే కుర్రాడు ప్రశ్న అడగడానికి లేచాడు. వాడికి నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాడు. "సాయంత్రం లోపు అడుగుతావా బాబూ?" అన్నాడు ఆఫీసర్. వెనక బెంచీల్లో నవ్వు మొదలవబోతోంది. తడిమట్టి వాసన గుప్పుమంది.

"బాలకా! నీ ఇల్లేడ?"

ఆఫీసర్ ఉలిక్కిపడ్డాడు. "ఎల్బీనగర్ అవతల... కొత్త కాలనీ."

"పల్లంలున్న కాలనీయేనా?"

"అవును."

"ఆడ పూడ్చిన కుంట మా చెల్లె. దాని గుండెల మీద మంచమేసుకున్నవ్. రాత్రిపూట గురగుర సప్పుడొస్తదా?"

"అది... బోరు మోటారండి."

"మోటారు గాదు బాలకా. గురక."

ఆఫీసర్ చాయ్ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. తర్వాత మన్సూరాబాద్‌లో మేడ మీద పోర్షన్ కిరాయికి తీసుకున్నాడని విన్నాం. అభిరామ్ ఎందుకు లేచాడో ఎవరికీ గుర్తులేదు. వాడు హాయిగా కూర్చుని బిస్కెట్ తిన్నాడు.

ఇక అరుణశ్రీ సంగతి. పోచంపల్లి పక్క ఊరు. తండ్రి అక్కడి ఓ షాపుకు చీరలు నేసి ఇచ్చే మనిషి. పిల్ల లైబ్రరీలో నా పక్కన కూర్చుని గంటల తరబడి చదివేది, నాతో చక్కగా మాట్లాడేది. నలుగురిలో నిలబెడితే మాత్రం గొంతు పెగలదు. మొదటి ఏడాది చివర ప్యానెల్ ముందు తన పని గురించి మాట్లాడాలి. మాట్లాడలేకపోతే ప్రోగ్రాంలోంచి పేరు తీసేస్తారు, ఊరికి పోవాల్సిందే. అద్దకాల రంగునీళ్లు ఊరి చెరువును ఎలా పాడుచేస్తున్నాయి, దానికి ఎలాంటి నిబంధన పెట్టాలి అన్నది ఆమె అంశం.

ఆ రోజు తెర మీద స్లైడ్ వెలిగింది. అరుణశ్రీ నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

"మొదలుపెట్టమ్మా" అన్నారు డైరెక్టర్ గారు.

రాలేదు.

"తెలుగులోనైనా చెప్పమ్మా."

అయినా రాలేదు. బయటి నుంచి వచ్చిన ఆర్థికశాస్త్రం మేడం పెన్ను తీసి కాగితం మీద ఏదో గీయబోయింది. గ్లాసుల్లో నీళ్లు వణికాయి. అప్పుడు మెట్రో రైలేదీ పోలేదు. నేను కిటికీ పక్కనే ఉన్నాను.

ప్యానెల్లో కూర్చున్న కోదండం సారు తువ్వాలు విరబోసుకున్నారు.

"బాలికా! నా మీదికి రంగునీళ్లు ఇడుస్తుండ్రు. ఎర్రగైన, నల్లగైన. నువ్వేం జేస్తవ్?"

పూనిన తల్లి అడిగితే నోరు మూసుకుని నిలబడ్డం ఆ పిల్ల ఊళ్లో లేదు. అపచారం. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"తల్లీ... తప్పయింది తల్లీ."

"అద్దకం బందు వెట్టమందునా?"

"వద్దు తల్లీ! మా నాయిన ఎట్ల బతుకుతడు?"

"మరి నేనెట్ల బతకాలె?"

"ఇంటింటికి జుర్మానా ఏస్తమంటుండ్రు తల్లీ. గట్లయితే ఎవ్వలు గట్టరు, చీకట్ల ఇడుస్తరు. ఊరందరికీ కలిపి ఒక్క తొట్టి గట్టాలె. రంగునీళ్లు గాడికి తేవాలె, శుద్ధి జేసినంకనే ఇడవాలె. తెచ్చినోళ్లకు నూలు మీద రాయితీ ఇయ్యాలె. అప్పుడు వాళ్లే తెస్తరు."

"తొట్టిని ఎవలు జూస్తరు?"

"ఆడోళ్ల సంఘం తల్లీ. మొగోళ్లకిస్తే తాళంచెవి పోగొడ్తరు."

వరదే ఇక. మేడం పెన్ను ఆగకుండా రాస్తోంది. డైరెక్టర్ గారు ఒళ్లు మరిచిపోయి, చేతులు జోడించి, కోదండం సారు వైపే తిరిగారు.

"తల్లీ, కరెంటు బిల్లు ఎవరు కడతారో కూడా ఒక్కమాట అడగండి!"

అరుణశ్రీ పేరు ఉండిపోయింది. ఆ రోజు చాయ్ డైరెక్టర్ గారే స్వయంగా పోశారు.

సాయంత్రం లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ ఆలోచించాను. అభిరామ్ నత్తి. స్లైడ్లు పోగొట్టుకుని ఏడుపు మొహం పెట్టిన విజయ్‌కుమార్. ఇప్పుడీ పిల్ల. అందరూ చక్కగా మాట్లాడే రోజున సారుకు ఒక్కసారీ పూనలేదు. అప్పుడే ఆయన పేపరు కోసం వచ్చారు.

"కోదండం గారూ, మీ కుంట ఎప్పుడూ పిల్లలు తడబడ్డప్పుడే ఎందుకండీ వస్తుంది?"

పేపరు మడత విప్పుతూ నవ్వారు.

"గొంతు ఎండింది ఎవలికో కుంటకు తెల్వదా, ప్రభమ్మా?"

పేపరు తీసుకుని వెళ్లిపోయారు.

ఆయనా నేనూ రిటైరై ఏళ్లయింది. అరుణశ్రీ ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది. మొన్న కొత్త పిల్లల ప్రసంగాలకు మమ్మల్నిద్దర్నీ పిలిచింది. సెల్లార్‌కు ఏదో పూత పూయించి, నీళ్లు పూర్తిగా ఆపేశారట. మోటారు కూడా అమ్మేశామని అంతయ్య గొప్పగా చెప్పాడు.

భావన అనే అమ్మాయి లేచి, రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. తడిమట్టి వాసన వచ్చింది. ఎదురుగా కూర్చున్న అరుణశ్రీ కళ్లు పైకి పోయాయి. ఆమెకు జుట్టు ఉంది. విరబోసుకుంది.

"బాలికా!"

అదే గొంతు. అడుగున బురద ఉన్న గొంతు.

"అంతయ్యా, చాయ్!" అని కొత్త డైరెక్టర్ గారు అప్పుడే కేక వేశారు.

నేను మురిసిపోయి సారు చెవిలో అన్నాను, "బాగా నేర్పారండీ."

ఆయన నవ్వలేదు.

"నేనేం నేర్పలే ప్రభమ్మా. నాది ఉత్త నాటకం. తడిమట్టి వాసనొస్తున్నదని మీరంతా అంటుంటే, నా నటన గంత బాగున్నదేమో అనుకునేటోన్ని."

కిందికి చూశాను. మా కుర్చీల కింద, నీళ్లు పూర్తిగా ఆపేశామన్న ఆ బిల్డింగ్ మూడో అంతస్తు నేల మీద, నీళ్లు సన్నగా పాకుతూ వస్తున్నాయి. భావన అప్పటికే గడగడా మాట్లాడేస్తోంది.

అన్నేళ్లు కుంట తరఫున మాట్లాడిన కోదండం సారు చెప్పులు విడిచి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని, బుద్ధిగా చేతులు జోడించారు.

"తల్లీ, నా చాయ్ కూడా నువ్వే తాగు" అన్నారు.