పేరుంది సరే, వస్తువేదీ?

మా బావకి ఒక్కటే జబ్బు. పేరు కనిపిస్తే చాలు, దాని వెనక వస్తువుందో లేదో చూడందే కుదురుగా కూర్చోలేడు. నేతిబీరకాయలో నెయ్యి వెతికే మనిషని మా అక్క పెళ్లైన కొత్తలోనే తేల్చేసింది.

వంటింట్లో 'పంచదార' అని రాసున్న డబ్బాలో అక్క గుండీలు దాచుకునేది. ఓ రోజు బావ కాఫీ కప్పు పట్టుకుని ఆ డబ్బా తెరిచాడు.

"పంచదారేదీ?"

"పక్క డబ్బాలో ఉందండీ."

"దాని మీద ఉప్పని రాసుందే!"

"నాకు తెలుసుగా!"

"నాకు తెలియొద్దూ?"

డబ్బాలన్నిటికీ కొత్త చీటీలు అంటించేదాకా బావ మళ్లీ కప్పు ముట్టలేదు. కాఫీ చల్లారి పారబోతకే పనికొచ్చింది.

ఇలాంటి మనిషికి మా ఆఫీసులో ఏ పని అప్పగించారనుకున్నారు? కంప్యూటర్లలోకి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించే తెర చూసుకోవడం! ఆ జాబితాలో కొన్ని ఉత్త పేర్లుంటాయి. 'మెయిల్ సర్వర్' అని కనిపిస్తుంది, ఆ పేరుతో ప్యాకేజీయే ఉండదు. మెయిళ్లు నడిపే ఆ పని చేసే ప్యాకేజీలు వేరే పేర్లతో ఎక్కడో ఉంటాయి, వాటిలో ఒకటి మనమే ఎంచుకోవాలి. తెర మీద మాత్రం ఉన్నవీ లేనివీ ఒకే వరసలో, ఒకే రంగులో కనిపిస్తాయి. బావ కాలుగాలిన పిల్లిలా బల్లల మధ్య తిరిగేవాడు.

"లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే ఎలాగండీ? రంగైనా మారుద్దాం."

"తెలిసినవాళ్లకి తెలుస్తుందిలేవయ్యా" అనేవాడు మేనేజరు.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి దానికే బలైంది. సాయంత్రం పెద్దల ముందు మెయిల్ నడిపి చూపిస్తేనే ఆమె ఉద్యోగం ఖాయం. 'మెయిల్ సర్వర్' నొక్కుతుంది, ఎక్కించడానికేమీ లేదంటుంది కంప్యూటర్. మళ్లీ నొక్కుతుంది, మళ్లీ అదే మాట. తప్పంతా తనదేననుకుని ఏడుపు మొహంతో సంచి సర్దేసుకుంది. చివరికి గోడ మీదున్న 'సహాయ విభాగం' నంబరుకి ఫోన్ చేసింది. ఏ పేరు ఎంచుకోవాలో అవతలివాళ్లు విడమరిచి చెప్పారు. సాయంత్రం మెయిల్ నడిచింది, ఉద్యోగం నిలిచింది.

ఆ వెంటనే నా దగ్గరికొచ్చింది.

"సహాయ విభాగం ఏ గదిలో ఉందండీ? థాంక్స్ చెప్పాలి."

నాకు నవ్వొచ్చింది. "అలాంటి విభాగమే లేదమ్మా. ఎప్పుడో ఎత్తేశారు, గోడ మీద పేరు మిగిలిందంతే."

"మరి నాతో అంతసేపు ఓపిగ్గా మాట్లాడిందెవరు?"

ఆ నంబరుకి మళ్లీ చేయించాను. బావ బల్ల సొరుగు మోగింది.

బావ సొరుగు మీద మోచెయ్యి ఆనించి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అదేమో మోగుతూనే ఉంది.

"ఎత్తు బావా, నీకే."

పట్టుబడ్డ దొంగలా నవ్వాడు. "ఆ విభాగం ఎత్తేశాక, గోడ మీది పేరు పీకేద్దామనే వెళ్లానురా. అప్పుడే వాళ్లు ఖాళీ చేసిన మూల గదిలో ఫోన్ మోగింది. ఎవరో పాపం, నిజంగానే సాయముందనుకుని చేశారు. లేదని ఎలా చెప్పను? ఫోన్ తెచ్చి సొరుగులో పెట్టుకున్నా."

ఇంటికెళ్లి అక్కతో అంతా చెప్పాను. కళ్లు మెరుస్తుండగా పడీపడీ నవ్వింది.

"నేను చెప్పలేదూ! నేతిబీరకాయలో నెయ్యి లేకపోతే, మనింటి నెయ్యి పోసొచ్చే రకం!"